మైదానం మధ్య నుంచి పిలుపు

మా ఆయన పేరు నేను నోటితో పలకను. ఈ మాట విని అమెరికాలో నా స్నేహితురాళ్ళు పడీపడీ నవ్వేవారు. ఎమ్మెస్ చదివావు, హాస్పిటల్ ల్యాబ్‌లో ఉద్యోగం చేస్తున్నావు, అందరినీ కాదని అమెరికన్‌ని చేసుకున్నావు, ఇంకా ఈ చాదస్తం ఏమిటే అనేవారు. ఏం చెప్పను? మా అమ్మ నాన్నని ఏనాడూ పేరు పెట్టి పిలవలేదు. అమ్మమ్మ అయితే తాతయ్యది ఏ దేవుడి పేరో ఆ దేవుడికి దణ్ణం కూడా మూగగానే పెట్టుకునేది. మడీ ఆచారం అన్నీ గాలికొదిలేసి వచ్చాను గానీ, ఈ ఒక్కటీ నాలుకని అంటుకుని నాతో వచ్చేసింది. ఇంగ్లీషులో ఎంత మాట్లాడినా, పిలవాల్సి వచ్చేసరికి "ఏమండీ" అనే వచ్చేది.

ఆయన ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ ఆటగాడు. మనం కాళ్ళతో తన్నే ఫుట్‌బాల్ కాదు, అమెరికా వాళ్ళది. కోలగా ఉండే తోలుబంతిని చేత్తో విసురుకుంటూ, ఒకళ్ళ మీద ఒకళ్ళు పడుతూ, నాలుగు భాగాలుగా, అంటే క్వార్టర్లుగా, ఆడే ఆట. అందులో ఆయనది వైడ్ రిసీవర్ పని. ఆటగాళ్ళ వరసకి దూరంగా ఓ చివర నిలబడి, ప్రతి విడతా ఆట మొదలవగానే ముందే అనుకున్న దారిలో పరిగెత్తాలి. వెనక నుంచి క్వార్టర్‌బ్యాక్ అనేవాడు విసిరిన బంతిని అందుకోవాలి. చిక్కంతా ఆ వెనక నుంచి రావడంలోనే ఉంది. బంతిని చూస్తూ పరిగెడితే కాళ్ళు మందగిస్తాయి. చూడకుండా పరిగెడితే బంతి దాటిపోతుంది. సరిగ్గా అది వచ్చే క్షణానికి తల తిప్పాలి. ముందు తిప్పినా, ఆలస్యంగా తిప్పినా, అవతలి జట్టులో సేఫ్టీ అనేవాడు ఒకడు కాచుకుని ఉంటాడు, వాడొచ్చి గుద్దేస్తాడు.

పెళ్ళయిన కొత్తల్లో, డెబ్భైల చివర, సరస్సు ఒడ్డున ఓ చలి ఊళ్ళో అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. అప్పటికి ఆయన జట్టులో ఉన్నారా అంటే ఉన్నారు, లేరా అంటే లేరు. ప్రతి వేసవిలోనూ ఈసారి తీసేస్తారని బెంగ. పరుగులో ఆయనకంటే వేగమైన కుర్రాళ్ళు ఏటా కాలేజీల నుంచి దిగుతుండేవారు. అందుకని ఆటలు లేని నెలల్లో అపార్ట్‌మెంట్ వెనక ఖాళీ స్థలంలో తల తిప్పడం సాధన చేసేవారు. బంతి విసరడానికి ఇంకెవరూ లేక నన్ను నిలబెట్టారు.

పద్ధతి ఇదీ. ఆయన నాకు వీపు పెట్టి నిలబడతారు. నేను బంతి విసిరి, అది దగ్గరికి వెళ్ళబోయే క్షణంలో పిలవాలి. ఆ పిలుపుకి ఆయన గిర్రున తిరిగి బంతి పట్టాలి. మామూలుగా అయితే అందరూ పేరు పెట్టి అరుస్తారట. నేను "ఏమండీ" అని అరిచాను. ఆయన తిరగడం మానేసి విరగబడి నవ్వారు. బంతి వెళ్ళి చెత్త డబ్బాకి తగిలింది. దానికి అర్థం ఏమిటని అడిగితే, అర్థం లేదు, పెళ్ళాలు మొగుళ్ళని పిలిచే పిలుపు అన్నాను. కాస్త ఆలోచించి, మంచిదేలే, నా పేరు స్టేడియం నిండా అందరూ అరుస్తారు, ఇది మాత్రం ఈ దేశంలో ఇంకెవరూ అరవరు అన్నారు.

నేను విసరడం ఎలా నేర్చుకున్నానో తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. చీర కాదు లెండి, ప్యాంటూ స్వెటరే, కానీ చేయి మాత్రం గడప దగ్గర నీళ్ళు చిమ్మినట్టే ఊపేదాన్ని. ఆ వేసవి గడిచేసరికి నా విసురు ఓ దారికొచ్చింది. ఆయన తిరుగుడు నా పిలుపుకి అతుక్కుపోయింది. పిలుపు నోట్లోంచి ఇంకా పూర్తిగా బయటికి రాకుండానే తల ఇటు తిరిగి, రెండు చేతులూ లేచి, బంతి ఆ చేతుల్లో ఉండేది.

ఆ ఏడు ఆయన్ని తీసెయ్యలేదు. మరుసటి ఏడు ఎవరికో మోకాలు పోయి ఆయనకి ఆడే అవకాశం వచ్చింది. ఆ తర్వాత ఆయన స్థానం ఎవరూ లాక్కోలేకపోయారు. వేగం లేదు, ఎత్తు లేదు, కానీ బంతి ఎప్పుడొస్తుందో వీపుకి తెలుస్తుందని టీవీలో వాళ్ళు మెచ్చుకునేవారు. నాకు భలే గర్వంగా ఉండేది. ఇందులో నా వాటా ఉందని ల్యాబ్‌లో అందరికీ చాటింపు వేశాను కూడా.

ఓరోజు భోజనాల దగ్గర ఆయనే మామూలుగా అన్నారు, పప్పులో నెయ్యి వేసుకుంటూ. మైదానంలో అంత గోల మధ్య కూడా నా పిలుపు వినిపిస్తుందట. బంతి రాబోయే క్షణంలో కుడి చెవి వెనక స్పష్టంగా "ఏమండీ" అని. అది వినగానే తిరుగుతారట. నేను నవ్వేశాను. అలవాటు పడిన చెవి అలాగే వింటుందిలే అనుకున్నాను. మా అమ్మ కూడా కుక్కర్ పెట్టకపోయినా కూత వినపడిందనేది.

నాకు మొదటిసారి భయం వేసింది ఆ శీతాకాలంలో. జట్టు పడమటి తీరంలో ఆడడానికి వెళ్ళింది. ఆయన వెళ్ళాక నేను కారు మీద మంచు గీకి గీకి జలుబు తెచ్చుకున్నాను. ఆదివారానికి గొంతు పూర్తిగా బొంగురుపోయింది. ఫోన్ కూడా ఎవరితో మాట్లాడలేదు. ఒక్కదాన్నే దుప్పటి కప్పుకుని టీవీలో ఆట చూశాను. మర్నాడు ఆయన తలుపు తోసుకుని వచ్చి, నేనింకా నోరు తెరవకముందే, బ్యాగు కింద పెడుతూ అడిగారు.

"గొంతు ఎలా ఉంది? మూడో క్వార్టర్ నుంచీ మరీ బొంగురుగా ఉందే."

ఎవరు చెప్పారని సైగ చేసి అడిగాను. ఎవరు చెప్పడమేమిటి, నువ్వు పిలుస్తుంటే నేను వినలేదా అని ఆయన బూట్లు విప్పుకోవడంలో పడ్డారు. ఆ మనిషికి అందులో వింతే లేదు. ఆ రోజంతా నేను ఆయన వంక చూస్తూ వంటింట్లో ఊరికే అటూ ఇటూ తిరిగాను.

స్టేడియంలో ఆటగాళ్ళ భార్యలందరినీ ఒకే చోట కూర్చోబెట్టేవారు. మిగతా జనం బంతిని చూసేవాళ్ళు. మేం మాత్రం ఎవరి మొగుణ్ణి వాళ్ళం చూసుకునేవాళ్ళం. కింద పడినవాడి కాళ్ళు కదిలేదాకా ఆ మనిషి భార్య ఊపిరి పీల్చేది కాదు, పక్కవాళ్ళు ఆమె వైపు చూసేవారు కాదు. అది అక్కడి మర్యాద. ఆ శీతాకాలం నుంచీ నేను అక్కడ పెదాలు బిగించి కూర్చోవడం మొదలుపెట్టాను. ఒక్క కేక వెయ్యలేదు, చప్పట్లు కొట్టలేదు. అయినా కింద ఆయన తల సరిగ్గా తిరిగేది. ఎవరో పిలుస్తున్నట్టే తిరిగేది. నేను నా పెదాల మీద చేయి వేసి చూసుకునేదాన్ని, నాకు తెలియకుండా కదులుతున్నాయేమోనని.

ఎనభైల్లో ఇల్లు కొనుక్కున్నాం. వెనక పెద్ద పెరడు. ఓ అక్టోబర్‌లో మా అత్తగారు అమెరికా దక్షిణాది నుంచి వచ్చి మాతో కొన్నాళ్ళు ఉన్నారు. ఆవిడ చర్చిలో పాటలు పాడే మనిషి. నల్లగా, నిటారుగా ఉండేవారు. నన్ను కోడలిగా ఒప్పుకోవడానికి ఆవిడకి కొంత కాలం పట్టింది గానీ, నా చేతి చేపల పులుసు తిన్నాక రాజీ పడ్డారు. ఓ మధ్యాహ్నం ఇద్దరం వంటింట్లో చిలగడదుంపలు చెక్కు తీస్తున్నాం. ఆయన పెరట్లో ఉన్నారు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆవిడ ఆగిపోయారు. చేతిలో కత్తి కింద పెట్టి నా నోటి వంక చూశారు.

"ఇప్పుడు నువ్వు పిలిచావా?" అన్నారు.

లేదన్నాను. ఆవిడ లేచి కిటికీ దగ్గరికి వెళ్ళారు. నేనూ వెళ్ళాను. పెరట్లో ఆకులు రాలి ఎర్రగా పరుచుకుని ఉన్నాయి. ఆయన ఒక్కరే ఉన్నారు. ఇంటివైపు కాదు, అటు కంచె వైపు తిరిగి, రెండు చేతులూ ఛాతీ దగ్గర పెట్టి, లేని బంతిని పట్టుకుని, అటు చూసి తల ఊపారు. నేను మంచి బంతి విసిరినప్పుడు అలాగే ఊపేవారు, శెభాష్ అన్నట్టు. కంచె దగ్గర ఎవరూ లేరు.

నాకైతే ఏమీ వినపడలేదు. అత్తగారికి మాత్రం నా గొంతు, నా యాసతో సహా, కంచె దగ్గర నుంచి వినిపించిందట. ఆవిడకి తెలుగు ముక్క రాదు, కానీ ఆ మాట పలికి చూపించారు. ఏమండీ. తమ వైపు పెద్దవాళ్ళు చెప్పేవారట, ఎవరూ లేనిచోట ఎవరైనా పిలిస్తే పలక్కూడదని. మా అమ్మమ్మా అదే చెప్పేది. తెలిసినవాళ్ళ గొంతుతో పిలుస్తాయి, మూడోసారి పిలిచేదాకా పలక్కండి అని పిల్లలందరినీ బెదరగొట్టేది. భూగోళానికి ఆ చివరా ఈ చివరా ఉన్న ఇద్దరు ముసలమ్మలు ఒకే మాట చెప్పారంటే నాకు చదువూ సైన్సూ ఏవీ తోడు రాలేదు.

సాయంత్రం ఇద్దరం కలిసి ఆయన్ని కూర్చోబెట్టి చెప్పాం. ఆయన తల్లి చెయ్యి పట్టుకుని మెత్తగా నవ్వారు. మూడోసారి పిలిచేదాకా ఆగితే బంతి అవతలి గట్టున ఉంటుందమ్మా అన్నారు. ఆవిడ ఉన్నన్నాళ్ళూ మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. వెళ్ళే రోజు మాత్రం కారెక్కబోతూ నన్ను పక్కకి పిలిచి, వాణ్ణి నీకు అప్పజెబుతున్నాను అన్నారు.

ఆ మరుసటి ఏడాది నుంచి ఆ పిలుపు తప్పుగా పిలవడం మొదలుపెట్టింది. ముందుగా పిలిచేది. ఆయన తిరిగేసరికి బంతి ఇంకా క్వార్టర్‌బ్యాక్ చేతిలోనే ఉండేది, సేఫ్టీ మాత్రం పక్కటెముకల మీద ఉండేవాడు. మొదటిసారి తలకి దెబ్బ తగిలినప్పుడు ముక్కు దగ్గర ఘాటు మందు వాసన చూపించి మళ్ళీ ఆటలోకి పంపారు. ఆ రోజుల్లో దాన్ని దెబ్బ కింద లెక్కేసేవారు కాదు. తలలో గంట మోగిందని నవ్వుకునేవారు. ఇంటికొచ్చి గ్లాసు ఎక్కడుందో వెతుక్కుంటూ చేతిలో గ్లాసుతోనే వంటింట్లో నిలబడ్డారు. రెండోసారి తగిలాక మా వీధి మలుపు దాటించి చాలా దూరం కారు పోనిచ్చారు.

ఆయన మాత్రం దాన్ని పనిముట్టు బాగు చేసుకోవాలన్నట్టు చూశారు. నన్ను పెరట్లోకి రమ్మన్నారు. నీ పిలుపు కొంచెం ముందుకి జరిగింది, మళ్ళీ సరిచేసుకుందాం, కాస్త ఆలస్యంగా పిలువు అన్నారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అది నేను కాదు మొర్రో అన్నాను. ఏళ్ళ తరబడి నేను స్టేడియంలో నోరే విప్పలేదు, ఆట ఉన్న ఆదివారం పొద్దున్నే ఇంట్లో కూడా ఆ మాట అనడం మానేశాను, మీరు వింటున్నది నా గొంతు కాదు అన్నాను. ఆయన నా వంక జాలిగా చూశారు, పిల్లల్ని చూసినట్టు. నీ గొంతు నాకు తెలియదా అన్నారు.

సరే, దీని అంతు చూద్దామని నేను బంతి తీసుకున్నాను. ఆయన వీపు తిప్పి నిలబడ్డారు. బంతి విసిరి, కళ్ళు గట్టిగా మూసుకుని, పెళ్ళయ్యాక మొదటిసారి ఆయన్ని పేరు పెట్టి పిలిచాను. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఆయన తిరగలేదు. బంతి వెళ్ళి వీపుకి తగిలి కింద పడింది. అప్పుడు నెమ్మదిగా తిరిగారు. ఎవరిని పిలుస్తున్నావు అని అడిగారు, నిజంగా తెలియక. నా వెనక ఇంకెవరైనా వచ్చారేమోనని అటు చూశారు కూడా. నేను మళ్ళీ పిలవలేదు. ఇద్దరం లోపలికి వచ్చి టీ తాగాం.

డిసెంబర్‌లో అది జరిగింది. మా ఊళ్ళోనే ఆట. ఆయన మైదానం మధ్యలోకి అడ్డంగా పరిగెడుతున్నారు. ఆ విడత బంతి ఆయనకి కాదు, అవతలి చివరనున్న వేరే ఆటగాడికి వెళ్ళాలి. ఆ సంగతి ఆయనకీ తెలుసు. అయినా నడిమధ్యన ఠక్కున ఆగిపోయారు. పూర్తిగా తిరిగి, తల ఎత్తి, మేం భార్యలం కూర్చునే చోటుకేసి చూశారు. అంత దూరం నుంచి నా వంకే చూశారు. పిలిచావా అన్నట్టు గడ్డం కాస్త ఎత్తారు. నేను కాదు కాదు అని చేయి ఊపేలోపే సేఫ్టీ వచ్చి హెల్మెట్‌తో ఆయన తల పక్కన గుద్దాడు. ఆ చప్పుడు పైదాకా వినపడింది. ఆయన కాళ్ళు కదల్లేదు. నా పక్కనున్న ఆడవాళ్ళందరూ మర్యాదగా అటు తిరిగారు.

కింద ట్రైనర్ గదిలోకి నన్ను రానిచ్చేసరికి ఆయన బల్ల మీద కూర్చుని ఉన్నారు. కళ్ళు తెరిచే ఉన్నాయి. ట్రైనర్ అంటే దెబ్బలు తగిలితే కట్లు కట్టే మనిషి. అతను వేళ్ళు చూపించి ఎన్ని అని అడిగాడు. సరిగ్గానే చెప్పారు. ఇవాళ ఎవరితో ఆడుతున్నాం అని అడిగితే చెప్పారు. నీ పేరేమిటి అని అడిగాడు. ఆయన తడుముకోకుండా, నిబ్బరంగా చెప్పారు.

"ఏమండీ."

ట్రైనర్ నా వైపు తిరిగి ఏమంటున్నాడు ఇతను అన్నాడు. ఆయన నన్ను చూసి చిన్నగా నవ్వారు. ఆ నవ్వు ఆయనదే, అందులో తేడా ఏమీ లేదు. పేరు గుర్తు రావడానికి మర్నాటిదాకా పట్టింది.

హాస్పిటల్‌లో పెద్ద డాక్టర్ నన్ను వరండాలోకి పిలిచి దాపరికం లేకుండా చెప్పాడు. ఇంకోసారి అదే చోట అలాంటి దెబ్బ తగిలితే మనిషి లేవకపోవచ్చు, లేచినా నిన్ను గుర్తుపట్టకపోవచ్చు అన్నాడు. జట్టు డాక్టర్ అలా అనలేదు. వేళ్ళు లెక్కపెడుతున్నాడు, నిటారుగా నడుస్తున్నాడు, ఆడొచ్చు అన్నాడు. తర్వాతి ఆట గెలిస్తే జట్టు పై పోటీలకి వెళుతుంది. మా ఆయన ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా అంతదాకా వెళ్ళలేదు.

ఆ వారం నేను చెయ్యని పని లేదు. బతిమాలాను, ఏడ్చాను, అలిగి వంట మానేశాను. అత్తగారితో ఫోన్ చేయించాను. ఆయన అన్నిటికీ ఓపిగ్గా తల ఊపారు. పరిగెత్తి పట్టుకోవడం తప్ప నాకు ఇంకేమొచ్చు, ముప్ఫై దాటాక మధ్యలో వదిలేసి వచ్చి ఏం చెయ్యను అన్నారు. ఆయన మాటా కాదనలేను. కానీ ఆ మాటలంటూనే మధ్యమధ్యలో ఆగి, తల పక్కకి వాల్చి వినేవారు. శుక్రవారం సాయంత్రం పెరట్లో మంచులో అలాగే నిలబడి వింటుంటే నేను కోటు వేసుకుని దగ్గరికి వెళ్ళాను. నా వైపు చూడకుండానే అన్నారు.

"ఈసారి సరిగ్గా పిలుస్తానంది."

"ఎవరు?"

"నువ్వే."

నేను ఆయన పక్కనే, భుజానికి భుజం తగిలేలా నిలబడి ఉన్నాను. ఆయన చూస్తున్నది కంచె వైపు. పైప్రాణాలు పైనే పోవడమంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కొచ్చాను. లోపల లైట్లన్నీ వేసి టీవీ గట్టిగా పెట్టాను.

ఆదివారం స్టేడియానికి రావద్దు అన్నారు. నువ్వు పైన కనపడితే నాకు నువ్వు రెండు చోట్ల ఉన్నట్టు ఉంటుంది అన్నారు. సరేనని తల ఊపి, ఆయన వెళ్ళాక నేనూ వెళ్ళాను. మంచు సన్నగా కురుస్తోంది. మొదటి క్వార్టర్ అంతా ఆయన వైపు బంతి రాలేదు. ఆయన పరిగెత్తడం, తిరిగి రావడం, అంతే. నేను నా సీట్లో కూర్చోకుండా మెట్ల మీద నిలబడ్డాను.

సొంత జట్టు చేతిలో బంతి ఉన్నప్పుడు ఆ ఊరి జనం గోల చెయ్యరు. క్వార్టర్‌బ్యాక్ కేకలు తన ఆటగాళ్ళకి వినపడాలని అంత పెద్ద స్టేడియమూ ఒక్కసారిగా నోరు మూసుకుంటుంది. రెండో క్వార్టర్‌లో అలా నిశ్శబ్దం అయింది. ఆయన మేమున్న వైపు గీత దగ్గర వచ్చి నిలబడ్డారు. ఒక కాలు ముందుకి వేసి వంగారు. నేను చూస్తుండగా ఆయన తల నెమ్మదిగా మైదానం మధ్యకి తిరిగింది. ఆ విడత ఆట ఇంకా మొదలవలేదు. బంతి ఇంకా నేల మీదే ఉంది. అక్కడ మధ్యలో ఏదో నిలబడి ఉన్నట్టు, ఆయన దానికేసి చూసి తల ఊపారు. అవతలి సేఫ్టీ అక్కడే కాచుకుని ఉన్నాడు.

నేను మెట్లన్నీ దిగి కటకటాల దగ్గరికి ఎలా వచ్చానో నాకు తెలియదు. కడుపులోంచి అరిచాను.

"ఏమండీ!"

ఏళ్ళ తరబడి బిగబట్టిన గొంతు. పగిలిపోయి, వికారంగా వచ్చింది. ఆ నిశ్శబ్దంలో చుట్టూ ఉన్నవాళ్ళు ఉలిక్కిపడి నా వైపు తిరిగారు. ఆయన వంగినవారు వంగినట్టే ఉండిపోయారు. తల మైదానం వైపు ఓసారి, నా వైపు ఓసారి, మళ్ళీ మైదానం వైపు తిరిగింది. ఆ కాసేపూ నేను బతికి లేను. తర్వాత లేచి నిలబడ్డారు. ఆట మొదలైపోయింది, మిగిలినవాళ్ళు పరిగెడుతున్నారు, ఒకళ్ళ మీద ఒకళ్ళు పడుతున్నారు. ఆయన మాత్రం వాళ్ళకి వీపు పెట్టి, పొలం గట్టు మీద నడిచినట్టు నింపాదిగా నడుచుకుంటూ నా దగ్గరికి వచ్చారు. కోచ్ అరుస్తున్న అరుపులకి నోట్లోంచి ఆవిరి వస్తోంది.

ఆయన హెల్మెట్ కటకటాలకి ఆనించి, ఏంటి అన్నారు.

"ఇంటికి పోదాం రండి" అన్నాను.

ఆయన కాసేపు నా మొహం చూశారు. హెల్మెట్ తీసి బెంచీ మీద పెట్టి, తలొంచుకుని ఆటగాళ్ళ గదులకి వెళ్ళే సొరంగంలోంచి లోపలికి వెళ్ళిపోయారు. మళ్ళీ ఎప్పుడూ ఏ జట్టుకీ ఆడలేదు. పిరికివాడని పేపర్లలో రాశారు, పెళ్ళాం కొంగు పట్టుకుని పోయాడని అక్కడి భాషలో రాశారు. రాసుకోనీ అనుకున్నాను. కొంతమంది భార్యలు నాతో మాట్లాడడం మానేశారు. ఒకావిడ మాత్రం ఫోన్ చేసి, ఏమీ మాట్లాడకుండా చాలాసేపు ఏడ్చి పెట్టేసింది.

ఆ రోజు కారు నేనే డ్రైవ్ చేశాను. వెనక స్టేడియంలో జనం మళ్ళీ అరుస్తున్నారు, చాలా దూరం వినపడింది. ఆ గోల వెనకబడ్డాక ఆయన అన్నారు, ఇద్దరు పిలిచారు అని. ఒక పిలుపు మధ్యలోంచి, ఒకటి నా దగ్గర్నుంచి. మధ్యలోది అచ్చం నీ గొంతే, పెళ్ళయిన కొత్తల్లో ఎలా ఉండేదో అలాగే ఉంది, నీది అసలు నీ గొంతులాగే లేదు అన్నారు. మరి ఇటెందుకొచ్చారు అని అడిగాను.

ఆయన కిటికీలోంచి మంచు వంక చూశారు.

"నువ్వు భయపడుతున్నావు. ఆ మధ్యలోంచి పిలిచే ఆవిడ ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా నా కోసం భయపడలేదు" అన్నారు.

ఆ తర్వాత ఆయన ఓ హైస్కూల్లో పిల్లలకి పరుగు నేర్పే పనిలో చేరారు. తాళాలు ఎక్కడ పెట్టారో మర్చిపోతారు, ఒక్కోసారి మా అత్తగారు పోయిన సంగతి మర్చిపోయి ఫోన్ తీస్తారు. మిగతా అంతా బాగానే ఉన్నారు. ఎప్పుడైనా షాపులోనో, పార్కులోనో నడుస్తూ నడుస్తూ ఠక్కున ఆగుతారు. తల పక్కకి తిరుగుతుంది, ఎవరూ లేని వైపు. ఏం వినపడిందని నేను అడగను. చేతిలో ఏమున్నా పక్కన పడేసి గబగబా అటు వెళ్ళి నిలబడతాను, ఆయన పూర్తిగా తిరిగేసరికి అక్కడ నేనే ఉండాలని.